రోటరీ ఎన్‌కోడర్ లెక్క తప్పకుండా చదవాలంటే: లూప్, ఇంటరప్ట్, టైమర్‌లలో మీకు ఏది?

అనంతపురంలో నా వర్క్‌షాప్‌కి ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫైనల్ ఇయర్ పిల్లలు ప్రాజెక్టులు పట్టుకుని వస్తారు. వాళ్లు తెచ్చే సమస్యల్లో ఒకటి మాత్రం మారదు. ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎంత తిరిగిందో పల్సులుగా చెప్పే పరికరం) కొన్నారు, ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకి కలిపారు, ఎక్కడో దొరికిన కోడ్ ఎక్కించారు. చేత్తో తిప్పితే లెక్క బాగానే వస్తోంది. మోటారుకి తగిలించగానే అంకెలు ఎటో పోతున్నాయి. "సార్, ఎన్‌కోడర్ పాడైపోయిందా?" అని అడుగుతారు. చాలాసార్లు ఎన్‌కోడర్ శుభ్రంగా ఉంటుంది. దాన్ని చదివే పద్ధతే ఆ పనికి చాలదు.

చదివే పద్ధతులు అరడజను దాకా ఉన్నాయి. వాటిలో ఏదీ చెడ్డది కాదు, ఏదీ అన్ని పనులకూ సరిపోదు. చాలామంది ముందు బోర్డు కొనేసి, ఆ తర్వాత పద్ధతి వెతుక్కుంటారు. అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో, కర్నూలు వాళ్లు హైదరాబాద్ కోఠి నుంచో తెప్పించుకుంటారు కాబట్టి తప్పు బోర్డు వస్తే మళ్లీ వారం పోతుంది. అందుకే కొనే ముందు ఒక కాగితం మీద చిన్న లెక్క వేసుకోండి.

ఎన్‌కోడర్ చెప్పేది ఇంతే

ఎన్‌కోడర్ నుంచి రెండు సిగ్నల్ వైర్లు వస్తాయి. వాటిని ఏ, బీ అందాం. రెండూ ఒకే రకం పల్సులు ఇస్తాయి కానీ ఒకదాని కంటే ఒకటి పావు పల్సు వెనక నడుస్తుంది. అందువల్ల రెండు వైర్ల స్థితి 00, 10, 11, 01, మళ్లీ 00 అనే వరసలో మారుతుంది. రెండో వైపు తిప్పితే ఇదే వరస తిరగబడుతుంది. ఒక పల్సులో నాలుగు మార్పులు ఉంటాయి. కాబట్టి డబ్బా మీద 600 పల్సులు అని రాసి ఉంటే, అన్ని మార్పులూ లెక్కపెట్టినప్పుడు ఒక చుట్టుకి 2400 కౌంట్లు వస్తాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక అడుగులో రెండు వైర్లూ ఒకేసారి మారవు. 00 నుంచి నేరుగా 11కి దూకినట్టు మీకు కనిపించిందంటే, మధ్యలో ఒక మార్పు మీ కంటపడకుండా పోయిందన్నమాట. ఈ ఒక్క ఆధారంతో తప్పును పట్టుకోవచ్చు. ఎలాగో తర్వాత చెబుతాను.

మొదటి ప్రశ్న: సెకనుకి ఎన్ని మార్పులు?

లెక్క సులువు. సెకనుకి ఎన్ని చుట్లో, దాన్ని చుట్టుకి వచ్చే కౌంట్లతో గుణించండి. నా దగ్గరికి వచ్చే పనుల్లో మూడు చూపిస్తాను.

| పని | ఎన్‌కోడర్ | వేగం | సెకనుకి మార్పులు | రెండు మార్పుల మధ్య సమయం |
|---|---|---|---|---|
| మెనూ మార్చే నాబ్ | 20 పల్సులు, చుట్టుకి 80 కౌంట్లు | గట్టిగా తిప్పితే సెకనుకి 5 చుట్లు | 400 | 2.5 మిల్లీ సెకన్లు |
| బోరులోకి దించే కెమెరా కేబుల్ పుల్లీ | 600 పల్సులు, చుట్టుకొలత 20 సెంటీమీటర్లు | సెకనుకి అర మీటరు | 6,000 | 167 మైక్రో సెకన్లు |
| 1440 ఆర్‌పీఎం ఇండక్షన్ మోటారు షాఫ్ట్ | 600 పల్సులు | సెకనుకి 24 చుట్లు | 57,600 | 17 మైక్రో సెకన్లు |

మూడింటికీ బజారులో పేరు ఒక్కటే, ఎన్‌కోడర్. కానీ మొదటిదానికీ మూడోదానికీ మధ్య తేడా నూటనలభై రెట్ల పైన ఉంది. మొదటిదానికి రాసిన కోడ్ మూడోదానికి పనిచేయలేదని ఆశ్చర్యపోనక్కర్లేదు.

సగటు వేగం కాకుండా ఎక్కువలో ఎక్కువ ఎంత వేగం వస్తుందో దాంతో లెక్క వేయండి. దాని మీద కనీసం రెండింతల జాగా ఉంచుకోండి. నాలుగు మార్పులూ సమానమైన ఎడంతో రావు, చేత్తో తిప్పే నాబ్‌లో అయితే ఆ తేడా మరీ ఎక్కువ.

రెండో ప్రశ్న: ఒక్కటి జారిపోతే ఏం నష్టం?

నాబ్‌లో ఒక క్లిక్ పోతే మనిషి ఇంకో క్లిక్ తిప్పుతాడు. కళ్లముందు డిస్‌ప్లే ఉంటుంది కాబట్టి సర్దుకుంటాడు. వేగం మాత్రమే కొలిచే పనిలో కూడా ఒకటీ అరా పోతే ఆ ఒక్క రీడింగు కాస్త తగ్గుతుంది, తర్వాతది మామూలుగానే వస్తుంది.

లోతు, పొడవు, యంత్రం ఉన్న చోటు కొలిచే పనిలో అలా కాదు. పోయిన కౌంట్ తిరిగి రాదు. పొద్దున పది పోయి, మధ్యాహ్నం ఇరవై పోతే సాయంత్రానికి తేడా ముప్పై. వేగం తక్కువే కదా అని ఇక్కడ తేలిగ్గా తీసుకోకూడదు. నా దృష్టిలో ఈ ప్రశ్న మొదటి ప్రశ్న కంటే ముఖ్యం.

ఇవి కాక మరో మూడు చూసుకోవాలి. లోపల రేకుల కాంటాక్టులు ఉండే నాబ్ రకమైతే, కాంటాక్టు కలిసేటప్పుడు కొద్ది మిల్లీ సెకన్ల పాటు సిగ్నల్ ఎగిరెగిరి పడుతుంది. దీన్ని బౌన్స్ అంటాం. వెలుతురుతో చదివే ఆప్టికల్ రకంలో అది ఉండదు. రెండోది, ప్రాసెసర్ ఇంకేం పనులు చేస్తోంది, వైఫై ఉందా, డిస్‌ప్లే గీస్తోందా అన్నది. మూడోది వోల్టేజి. దీని గురించి విడిగా చెప్పాలి, బోర్డులు కాలిపోయేది అక్కడే.

లూప్‌లోనే చదవడం

మెయిన్ లూప్ తిరిగే ప్రతిసారీ రెండు పిన్నులనూ చూసి, మారితే లెక్క కలపడం. లూప్‌లో ఇంకే పనీ లేకపోతే ఇది బాగానే నడుస్తుంది. ఒక ఎల్‌సీడీ లైబ్రరీ గానీ, ఒక డిలే గానీ చేరిందంటే అయిపోయింది. ఎన్‌కోడర్ ఎలా పనిచేస్తుందో మొదటి రోజు నేర్చుకోవడానికి వాడండి, అంతకుమించి వద్దు.

ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్

అందరూ మొదట నేర్చుకునేది ఇదే. ఊనోలో 2, 3 నంబర్ల పిన్నులకు ఈ సదుపాయం ఉంది. పిన్ మారగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి మీ ఫంక్షన్‌లోకి వస్తుంది. లూప్ ఎంత బిజీగా ఉన్నా ఫర్వాలేదు కాబట్టి వేగం మధ్యస్థంగా ఉన్న ఆప్టికల్ ఎన్‌కోడర్లకు ఇది మంచి దారి. పైన చెప్పిన బోరు పుల్లీని, సెకనుకి ఆరు వేల మార్పులను, కోడ్ పొదుపుగా రాస్తే ఊనో ఈ పద్ధతిలో మోయగలదు.

కష్టం ఎక్కడంటే, మూడు చోట్ల.

మొదటిది వేగం. ఊనోలో గడియారం 16 మెగాహెర్ట్జ్. మోటారు షాఫ్ట్ లెక్కలో రెండు మార్పుల మధ్య ఉన్న 17 మైక్రో సెకన్లంటే సుమారు 278 సైకిళ్లు. ఇంటరప్ట్‌లోకి వెళ్లి రావడానికే కొన్ని పదుల సైకిళ్లు పోతాయి. అందులో పిన్ చదివే డిజిటల్‌రీడ్ ఫంక్షన్‌ని రెండుసార్లు పిలిస్తే నూరు దాటుతుంది. లెక్క కలపడం, మధ్యలో మిల్లీస్ (సమయం చెప్పే ఫంక్షన్) కోసం నడిచే ఇంటరప్ట్ కూడా వేసుకుంటే మిగిలేది ఏమీ ఉండదు. పోర్టును నేరుగా చదివితే కొంత తేరుకుంటుంది గానీ మిగతా పనులకు ఊపిరాడదు.

రెండోది వణుకు. దీన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దీనివల్లే దెబ్బతింటారు. ధర్మవరంలో ఒక పవర్‌లూమ్ మీద చీర పొడవు కొలిచే రోలర్‌కి ఎన్‌కోడర్ పెట్టాం. గుడ్డ చాలా నెమ్మదిగా చుట్టుకుంటుంది, సెకనుకి కొద్ది మార్పులే. ఇంత నిదానం కదా అని, 'ఏ' అనే వైరు పైకి లేచినప్పుడు మాత్రమే ఇంటరప్ట్ వచ్చేలా, అప్పుడు బీని చూసి దిశ తేల్చేలా చిన్న కోడ్ రాశాం. చీర ఐదున్నర మీటర్లు రావాలి. మీటరు మాత్రం పొద్దుటికీ సాయంత్రానికీ ఒకలా చూపించలేదు. మగ్గం పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. గుడ్డ కదలకుండా ఉన్నప్పుడు కూడా అంకె పెరుగుతోంది. పలక వచ్చి కొట్టిన ప్రతిసారీ మగ్గం అదురుతుంది. ఎన్‌కోడర్ డిస్కు సరిగ్గా 'ఏ' అనే వైరు మారే గీత మీద ఆగి ఉంటే, ఆ అదురుకి ఏ కిందికీ పైకీ ఊగుతుంది. పైకి లేచిన ప్రతిసారీ బీ ఒకేలా ఉంటుంది కాబట్టి కోడ్ దాన్ని ముందుకు ఒక అడుగు అనుకుంటుంది. కిందికి దిగినప్పటి అడుగును అసలు చూడదు. అలా రోలర్ కదలకుండానే పొడవు పెరుగుతూ పోయింది.

నాలుగు మార్పులూ లెక్కపెట్టే కోడ్‌లో ఈ తంటా ఉండదు. ఏ లేచినప్పుడు ఒకటి కలుస్తుంది, దిగినప్పుడు ఒకటి తగ్గుతుంది, మొత్తం అక్కడికక్కడే ఉంటుంది. కౌంట్లు ఎక్కువ వస్తాయని కాదు, ఈ రద్దు కోసమే నాలుగు మార్పులూ లెక్కపెట్టాలి. పద్ధతి ఏదైనా సరే ఈ నియమం తప్పకండి.

మూడోది చదివే చోట. ఊనో 8 బిట్ల ప్రాసెసర్. నాలుగు బైట్ల కౌంట్‌ను ఒక్కొక్క బైటుగా చదువుతుంది. 255 నుంచి 256కి మారే క్షణంలో మధ్యలో ఇంటరప్ట్ వచ్చిందంటే సగం పాతది, సగం కొత్తది కలిసి 511 అని కూడా రావచ్చు. చదివే ముందు ఇంటరప్ట్‌లు ఆపి, విలువను వేరే వేరియబుల్‌లోకి తీసుకుని, వెంటనే మళ్లీ తెరవాలి. వేరియబుల్‌ని వొలటైల్‌గా (ఇంటరప్ట్‌లో ఎప్పుడైనా మారవచ్చని కంపైలర్‌కి చెబుతూ) ప్రకటించడం మరిచిపోవద్దు.

కాంటాక్టుల నాబ్‌ని మాత్రం ఇంటరప్ట్‌కి కలపొద్దని నా గట్టి సలహా. ఒక్క క్లిక్‌కి బౌన్స్ వల్ల పదుల ఇంటరప్ట్‌లు రావచ్చు. దానికి కెపాసిటర్లు పెట్టి, ఆపైన సాఫ్ట్‌వేర్ డిలేలు పెట్టి కుస్తీ పట్టే బదులు తర్వాతి పద్ధతికి వెళ్లండి.

టైమర్ టిక్‌తో చదవడం

ఇక్కడ పిన్ మారినప్పుడు మనం పరుగెత్తం. టైమర్ ప్రతి మిల్లీ సెకనుకో, అర మిల్లీ సెకనుకో ఒక ఇంటరప్ట్ ఇస్తుంది. అప్పుడు రెండు పిన్నులనూ చూసి, పాత స్థితితో పోల్చి, కింది పట్టిక ప్రకారం లెక్క కలుపుతాం.

| పాత స్థితి | కొత్తది 00 | కొత్తది 01 | కొత్తది 10 | కొత్తది 11 |
|---|---|---|---|---|
| 00 | 0 | −1 | +1 | తప్పు |
| 01 | +1 | 0 | తప్పు | −1 |
| 10 | −1 | తప్పు | 0 | +1 |
| 11 | తప్పు | +1 | −1 | 0 |

పదహారు గడులున్న ఈ పట్టికను ఒక అర్రేగా పెట్టుకుంటే చాలు. పాత స్థితి రెండు బిట్లు, కొత్త స్థితి రెండు బిట్లు కలిపితే వచ్చే నాలుగు బిట్ల అంకే గడి నంబరు.

ఊనోలో దీనికి టైమర్ 2 వాడండి. టైమర్ 0 మిల్లీస్‌కి పోతుంది, టైమర్ 1ని సర్వో లైబ్రరీ తీసుకుంటుంది. టోన్ ఫంక్షన్ వాడుతుంటే మాత్రం టైమర్ 2 దానికి కావాలి, అప్పుడు టైమర్ 1కి మారండి. 16 మెగాహెర్ట్జ్‌ని 64తో భాగిస్తే టైమర్ సెకనుకి 2,50,000 లెక్కలు పెడుతుంది. కంపేర్ రిజిస్టర్‌లో 249 వేస్తే సరిగ్గా మిల్లీ సెకను, 124 వేస్తే అర మిల్లీ సెకను.

ఈ పద్ధతి గొప్పదనం ఏమిటంటే ప్రాసెసర్ మీద పడే భారం ముందే తెలుస్తుంది. నాబ్ ఎంత బౌన్స్ అయినా సెకనుకి వెయ్యి లేదా రెండు వేల చూపులే, అంతకు మించి ఒక్కటి కూడా ఉండదు. చూపుకీ చూపుకీ మధ్య జరిగిన ఎగుడుదిగుళ్లు మనకు కనబడవు, కనబడినవి కూడా పట్టికలో ఒకటి కలిసి ఒకటి తీసివేతకు పోతాయి. నాబ్‌కి 2.5 మిల్లీ సెకన్లకు ఒక మార్పు అని లెక్క వేశాం కదా, మిల్లీ సెకనుకోసారి చూస్తే సరిపోతుంది. నేను జాగా కోసం అర మిల్లీ సెకనే వాడతాను. నాబులు మూడున్నా నాలుగున్నా అదే ఇంటరప్ట్‌లో వరసగా చదవచ్చు. ప్రత్యేకమైన పిన్నులు కూడా అక్కర్లేదు.

పట్టికలో "తప్పు" అని ఉన్న నాలుగు గడుల కోసం విడిగా ఒక లెక్క పెట్టుకోండి. అది పెరుగుతోందంటే మీరు చూసే వేగం చాలడం లేదు, లేదా వైరింగ్‌లో నాయిస్ ఉంది. ఊరికే అంకె తప్పింది అని తల పట్టుకోవడం కంటే, ఈ లెక్క డిస్‌ప్లే మూలలో కనబడేలా పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

మోటారు షాఫ్ట్‌కి ఇది చాలదు. 17 మైక్రో సెకన్ల మార్పులను పట్టాలంటే సెకనుకి లక్షకు పైగా చూపులు కావాలి. ఆ పని సాఫ్ట్‌వేర్‌ది కాదు.

ఇంకో మాట. నాబ్‌లో ఒక క్లిక్‌కి సాధారణంగా నాలుగు కౌంట్లు వస్తాయి, కొన్నిటిలో రెండే. నాలుగుతో భాగించి మెనూ కదిపితే, నాబ్ ఆగి ఉన్నప్పుడు కూడా మెనూ రెండు వరసల మధ్య ఊగవచ్చు. భాగహారంలో మారే హద్దు సరిగ్గా క్లిక్ ఆగే చోట పడటమే కారణం. కౌంట్‌కి 2 కలిపి, రెండు బిట్లు కుడికి జరిపితే హద్దు రెండు క్లిక్‌ల మధ్యకి పోతుంది. మైనస్ విలువలకు మామూలు భాగహారం సున్నా వైపు సర్దుతుంది, బిట్లు జరపడం మేలు.

టైమర్‌లోని ఎన్‌కోడర్ మోడ్

ఎస్‌టీఎం32 చిప్పుల్లో టైమర్‌కే ఏ, బీ వైర్లను ఇచ్చేయవచ్చు. కూడికా తీసివేతా హార్డ్‌వేరే చేస్తుంది. ప్రాసెసర్‌కి ఒక్క ఇంటరప్ట్ కూడా రాదు. మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు కౌంటర్ రిజిస్టర్ చదువుకోవడమే. సెకనుకి 57,600 మార్పులు దీనికి పెద్ద పనే కాదు. యంత్రానికి బిగించే ఏ ఎన్‌కోడర్‌కైనా నేను మొదట చూసేది దీన్నే.

బ్లూ పిల్ అని పిలిచే ఎఫ్103 బోర్డులో టైమర్ 1 నుంచి 4 వరకు నాలుగింటికీ ఈ మోడ్ ఉంది. పిన్నులు ఎంచుకోవడంలో జాగ్రత్త. టైమర్ 2 వాడే పీఏ0, పీఏ1, టైమర్ 3 వాడే పీఏ6, పీఏ7 పిన్నులు 5 వోల్టులు తట్టుకోలేవు. టైమర్ 4 వాడే పీబీ6, పీబీ7, టైమర్ 1 వాడే పీఏ8, పీఏ9 తట్టుకుంటాయి. కానీ పీఏ9 సీరియల్ పోర్టు పంపే పిన్ కూడా. పీబీ6, పీబీ7 మీదే ఓలెడ్ డిస్‌ప్లే కలిపే ఐ2సీ ఉంటుంది. నేను ఐ2సీని పీబీ8, పీబీ9కి మార్చి, ఎన్‌కోడర్‌ని టైమర్ 4కి ఇస్తాను.

సెట్టింగుల్లో రెండు ఛానెళ్ల మీదా లెక్కపెట్టే మోడ్ ఎంచుకోండి, అప్పుడే నాలుగు మార్పులూ వస్తాయి. ఆటో రీలోడ్ (కౌంటర్ ఎంతవరకు లెక్కపెట్టి సున్నాకి రావాలో చెప్పే విలువ) 65535 ఉంచండి. ఇన్‌పుట్ ఫిల్టర్ సున్నా నుంచి 15 వరకు ఉంటుంది. 72 మెగాహెర్ట్జ్‌లో మామూలు సెట్టింగ్‌తో 15 పెడితే సుమారు 3.5 మైక్రో సెకన్ల కంటే పొట్టి పల్సులను వదిలేస్తుంది. ఫిల్టర్ గడియారాన్ని నాలుగో వంతు చేస్తే అది 14 మైక్రో సెకన్ల దాకా పోతుంది. కాంటాక్టర్ పడినప్పుడు వచ్చే ముల్లు లాంటి నాయిస్‌కి ఇది మందు. మిల్లీ సెకన్ల బౌన్స్‌కి కాదు. మోటారు లెక్కకి 14 పెట్టారంటే అసలు పల్సులకు మిగిలే జాగా బాగా తగ్గిపోతుంది, అక్కడ 3.5 దాటకండి.

ఇక ఈ పద్ధతిలో అందరూ పడే గుంట. అనంతపురం చుట్టుపక్కల బోర్లలోకి కెమెరా దించి, నీటి ఊట ఎక్కడుందో, కేసింగ్ ఎక్కడ పగిలిందో చూపించే ఒక అన్నకి లోతు మీటరు చేసిచ్చాను. బ్లూ పిల్, 600 పల్సుల ఎన్‌కోడర్, పైన చెప్పిన పుల్లీ. టేబుల్ మీద చేత్తో తిప్పి చూస్తే చక్కగా ఉంది. మొదటి బోరు దగ్గరి నుంచే ఫోన్ చేశాడు. "అన్నా, తొమ్మిది అడుగుల కాడికి బాగనే పోతాంది. అది దాటినాక మైనస్ తొమ్మిది అంటాంది. యెనక్కి లెక్క పెడతాందా ఏంది?"

తప్పు నాదే. టైమర్ కౌంటర్ 16 బిట్లది. నేను దాన్ని ప్లస్, మైనస్ గుర్తున్న (సైన్డ్) అంకెగా నేరుగా డిస్‌ప్లేకి ఇచ్చాను. 32,767 దాటగానే అది మైనస్ 32,768 అవుతుంది. చుట్టుకి 2400 కౌంట్లు, 20 సెంటీమీటర్లు అంటే 32,767 కౌంట్లు 2.73 మీటర్లు, దాదాపు తొమ్మిది అడుగులు. వందల అడుగుల బోరుకి అది ఏ మూలకీ రాదు.

సవరణ రెండు వరసల పని. ప్రతి 10 మిల్లీ సెకన్లకు కౌంటర్ చదివి, కిందటి విలువను తీసివేసి, ఆ తేడాను 16 బిట్ల గుర్తున్న అంకెగా తీసుకుని, 32 బిట్ల మొత్తానికి కలపాలి. 65,535 నుంచి సున్నాకి దూకినా తేడా ప్లస్ ఒకటే వస్తుంది. రెండు చదువుల మధ్య 32,767 కంటే ఎక్కువ కౌంట్లు రాకపోతే చాలు. మోటారు వేగంలో కూడా 10 మిల్లీ సెకన్లకు వచ్చేది 576 మాత్రమే. చదివిన ప్రతిసారీ కౌంటర్‌ని సున్నా చేసే అలవాటు మానుకోండి. చదవడానికీ సున్నా రాయడానికీ మధ్య వచ్చిన కౌంట్ శాశ్వతంగా పోతుంది.

ఈ గొడవే వద్దనుకుంటే ఎఫ్401, ఎఫ్411 చిప్పులున్న బోర్డు తీసుకోండి. వాటిలో టైమర్ 2, టైమర్ 5 నేరుగా 32 బిట్లవి.

ఈఎస్‌పీ32, పీకో

లోతు ఫోన్‌లో కనబడాలి, వైఫై ఉండాలి అంటే ఈఎస్‌పీ32. దీనిలో పల్స్ కౌంటర్ అనే విడి హార్డ్‌వేర్ ఉంది. మొదటి తరం చిప్పులో ఎనిమిది, ఎస్3లో నాలుగు యూనిట్లు. సీ3లో ఒక్కటీ లేదు. చవగ్గా, చిన్నగా ఉందని సీ3 తెచ్చుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. కౌంటర్ ఇక్కడ కూడా 16 బిట్లదే కాబట్టి తొమ్మిది అడుగుల పాఠం దీనికీ వర్తిస్తుంది. ఫిల్టర్ 12.8 మైక్రో సెకన్ల దాకా పెట్టవచ్చు. మొదటి తరం చిప్పులో 34 నుంచి 39 వరకున్న పిన్నులకు లోపల పుల్‌అప్ (పిన్‌ను పైకి లాగి ఉంచే రెసిస్టర్) లేదు, బయట పెట్టాల్సిందే. వైఫై నడుస్తుండగా మామూలు ఇంటరప్ట్‌తో వేగమైన ఎన్‌కోడర్ చదవాలని చూడకండి.

రాస్‌ప్‌బెర్రీ పై పీకోలో పీఐఓ అనే చిన్న చిన్న యంత్రాలున్నాయి. ఎన్‌కోడర్ చదివే ప్రోగ్రామ్ వాళ్ల సొంత ఉదాహరణల్లోనే ఉంది, 32 బిట్ల లెక్క ఇస్తుంది. ఏ, బీ వైర్లు పక్కపక్క పిన్నులకే రావాలి. ఆ ప్రోగ్రామ్ ఒక పీఐఓ మెమరీని దాదాపుగా నింపేస్తుంది గానీ, అదే ప్రోగ్రామ్‌తో నాలుగు ఎన్‌కోడర్లు చదవచ్చు. నాలుగు చక్రాల రోబో చేసే పిల్లలకు ఇదే చెబుతున్నాను. ఫిల్టర్ లేదు కాబట్టి నాయిస్ ఉన్న యంత్రాల దగ్గర వైరింగ్ మీదే ఆధారపడాలి.

ఎల్‌ఎస్7366ఆర్ లాంటి విడి కౌంటర్ చిప్పులు కూడా ఉన్నాయి, 32 బిట్లు, ఎస్‌పీఐ అనే సీరియల్ పద్ధతితో చదవచ్చు. ఊనో వదలలేని పరిస్థితి ఉంటే తప్ప ఇప్పుడు వాటి అవసరం పెద్దగా లేదు.

వోల్టేజి, వైరు

600 పల్సుల ఆప్టికల్ ఎన్‌కోడర్లలో ఎక్కువగా దొరికేది ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్ రకం, అంటే సిగ్నల్ వైరును కిందికి లాగుతుంది గానీ తానుగా పైకి ఎత్తదు. దానికి 12 వోల్టులు సప్లై ఇచ్చినా, ఏ, బీ వైర్లను 3.3 వోల్టులకు రెసిస్టర్‌తో పైకి లాగితే పిన్‌కి 3.3 మించి రాదు. లెవెల్ షిఫ్టర్ అక్కర్లేదు. వోల్టేజ్ అవుట్‌పుట్ రకమైతే మాత్రం సప్లై ఎంతో పిన్‌కి అంత వస్తుంది. కలిపే ముందు స్టిక్కర్ చదవండి, మల్టీమీటర్ పెట్టి చూడండి.

వైరు రంగులు నమ్మొద్దు. ఆమ్రాన్ ఈ6బీ2 రకంలో బ్రౌన్ సప్లై, నీలం సున్నా, నలుపు ఏ ఛానెల్. చవక రకాల్లో చాలావాటికి నలుపే గ్రౌండ్.

రెసిస్టర్ విలువ కూడా ముఖ్యమే. ఐదు మీటర్ల కేబుల్‌కి మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున 500 అనుకుందాం. 10 కిలో ఓమ్‌లతో లాగితే సిగ్నల్ లేవడానికి 5 మైక్రో సెకన్ల టైమ్ కాన్‌స్టెంట్ పడుతుంది. 17 మైక్రో సెకన్ల మార్పుల్లో అది పెద్ద వాటా. 1 కిలో ఓమ్ పెడితే అర మైక్రో సెకనుకి దిగుతుంది. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, మోటారు వైర్లకు దూరంగా లాగండి.

ఎవరికి ఏది

| మీ పని | నా ఎంపిక | ఎందుకు |
|---|---|---|
| నాబ్, మెనూ | ఉన్న బోర్డు, టైమర్ టిక్ | బౌన్స్ బెడద లేదు, ఏ పిన్ అయినా చాలు |
| నిదానమైన రోలర్, ఊనోనే వాడాలి | రెండు పిన్నులకూ ఇంటరప్ట్, నాలుగు మార్పులూ | వణుకు రద్దవుతుంది |
| మోటారు షాఫ్ట్, లోతు, పొడవు | ఎస్‌టీఎం32 ఎన్‌కోడర్ మోడ్ | ఒక్కటీ జారదు, ఫిల్టర్ ఉంది |
| ఫోన్‌కి పంపాలి | ఈఎస్‌పీ32 పల్స్ కౌంటర్ | వైఫై దానికి అడ్డం రాదు |
| మూడు నాలుగు చక్రాలు | పీకో | ఒకే పీఐఓలో నాలుగు |

ప్రాజెక్టు చేసే పిల్లలకు ఒక మాట. వైవాలో వివరించగలిగేది ఎంచుకోండి. ఎస్‌టీఎం32 కొత్తగా అనిపించి భయపడుతుంటే, మోటారుకి 600 పల్సుల ఎన్‌కోడర్ బదులు 100 పల్సులది పెట్టండి. సెకనుకి 9,600 మార్పులకు తగ్గుతుంది, ఊనో ఇంటరప్ట్ మోయగలదు. వేగం కొలవడానికి 2400 కౌంట్లు నిజంగా కావాలా అన్నది ముందు ఆలోచించుకోండి. అయితే చాలా తక్కువ వేగంలో, అంటే నిమిషానికి ఆరు చుట్లలో, 2400 కౌంట్లున్నా 10 మిల్లీ సెకన్లకు రెండో మూడో వస్తాయి. వేగం అంకె ఊగిపోతుంది. అక్కడ కౌంట్లు లెక్కపెట్టడం మాని, టైమర్ ఇన్‌పుట్ క్యాప్చర్‌తో రెండు పల్సుల మధ్య సమయాన్ని కొలవాలి.

యంత్రాలకు వాడేవాళ్లు కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో ముందే తేల్చుకోవాలి. పైన చెప్పిన ఏ పద్ధతిలోనైనా కరెంటు లేనప్పుడు షాఫ్ట్ తిరిగితే ఆ కౌంట్ ఉండదు. జెడ్ వైరు ఉంటే చుట్టుకొక పల్సుతో సరిచూసుకోవచ్చు, లేదంటే కరెంటు రాగానే యంత్రాన్ని ఒక స్విచ్ దాకా తెచ్చి సున్నా పెట్టాలి.

బిగించాక పరీక్ష ఇలా చేయండి. షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత గీసి, పది చుట్లు ముందుకు తిప్పండి. 24,000 రావాలి. పది చుట్లు వెనక్కి తిప్పండి. సున్నా రావాలి. ఒకసారి నిదానంగా, ఒకసారి ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా. తర్వాత పక్కనున్న మోటారు స్టార్టర్ పదిసార్లు వేసి ఆర్పి, అంకె కదిలిందేమో చూడండి.

బోరు మీటరుకి ఇంకోటి చేస్తాం. కేబుల్ మీద నూరు అడుగుల దగ్గర టేపు చుట్టి, అది పుల్లీ మీదికి వచ్చినప్పుడు మీటరు చూస్తాం. తడిసిన కేబుల్ పుల్లీ మీద జారితే మీటరు తక్కువ చూపిస్తుంది, ఆ జారుడు ఏ టైమర్‌కీ తెలియదు. అందుకే పుల్లీకి రబ్బరు తొడుగు వేసి, పైన స్ప్రింగ్‌తో నొక్కే చిన్న చక్రం పెట్టాం.